సొంతంగా పుస్తకం వేసుకున్న రచయిత బ్లాగులో ఏం రాయాలి?

ప్రశ్న: నమస్తే మేడం. మాది జగిత్యాల జిల్లా. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఆ బతుకుల మీద రాసిన పన్నెండు కథల్ని నిరుడు సొంత ఖర్చుతో పుస్తకంగా వేసుకున్నాను. 500 కాపీలు కొట్టిస్తే సగానికి పైగా ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. నలుగురికీ తెలుస్తుందని బ్లాగు మొదలుపెట్టాను. ఆవిష్కరణ ఫోటోలు, పేపర్లో వచ్చిన సమీక్షలు, కొన్ని కథల పేజీల స్కాన్‌లు పెట్టాను. ఎవరూ చూడట్లేదు. ఫేస్‌బుక్‌లో పెడితే లైకులు వస్తున్నాయి గానీ బ్లాగు లింకు ఎవరూ నొక్కరు. రోజూ రాయాలా? కథలన్నీ ఫ్రీగా పెట్టేయాలా? మా దిక్కు భాషలో రాస్తే మిగతావాళ్లకు అర్థమవుతుందా? యాడ్స్ పెట్టుకుంటే ఏమైనా వస్తుందా? ఈ రోజుల్లో బ్లాగు టైమ్ వేస్ట్ అని మా వారంటారు. నిజమేనా? మంచి బ్లాగర్ కావాలంటే ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: మీ బ్లాగు మొదటి పోస్టు నుంచి చివరి దాకా చదివాను. ఆవిష్కరణకు ఎవరెవరు వచ్చారు, ఏ పత్రికలో సమీక్ష పడింది, పుస్తకం ఎక్కడ దొరుకుతుంది... ఉన్నవి దాదాపు ఇవే. మిమ్మల్ని ఎరిగినవాళ్లకు ఇవి సంతోషం కలిగిస్తాయి. మీరెవరో తెలియని మనిషికి వీటితో పని పడదు. అయితే ఆవిష్కరణ ఫోటోల మధ్య ఒకచోట మీ అమ్మ కత్తెర ఫోటో పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాశారు. రాత్రి నానబెట్టిన ఆకును పొద్దున్నే తడిగుడ్డలోంచి తీసి రేకు పెట్టి కత్తిరించేదని, కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి దగ్గర కాయ కాసిందని, స్కూలుకు పోయే ముందు కొంత ఆకు మీరే కత్తిరించి ఇచ్చి పోయేవారని. అవి చదివాక ఇంకాస్త రాసి ఉంటే బాగుండేదనిపించింది. మీరు రాయాల్సిన బ్లాగు ఆ నాలుగు వాక్యాల దగ్గర మొదలవుతుంది.

సొంతంగా పుస్తకం వేసుకునే వాళ్లందరిలోనూ ఈ తొందర చూస్తుంటాను. అచ్చు ఖర్చు, అమ్మకం, ప్రచారం అన్నీ ఒక్కరి మీదే పడతాయి కాబట్టి బ్లాగు కనబడగానే దాన్ని పోస్టర్లు అంటించే గోడలా వాడేస్తారు. తప్పు పట్టడం లేదు. ఇంట్లో పుస్తకాల కట్టలు కనబడుతుంటే ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది. కానీ కొత్త రచయిత పుస్తకం కొనే ముందు పాఠకుడు ఒక్కటే చూస్తాడు: ఈవిడ రాస్తే చివరిదాకా చదవగలనా? ఆ నమ్మకం సమీక్షల కటింగులతో రాదు. మీ రాతను రుచి చూస్తేనే వస్తుంది. బ్లాగు ఉన్నది ఆ రుచి చూపించడానికే.

మరి ఏం రాయాలి? కథలు రాయడానికి మీరు ఏ సరుకు పోగేశారో, కథల్లో పట్టక ఏది పక్కన పెట్టారో, అది రాయండి. ఎండాకాలంలో అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోస్తారు, యాభై ఆకుల చొప్పున కట్టలు కడతారు. ఆ ఆకు మీ వాడదాకా ఎలా వస్తుందో ఒక పోస్టు. ఎండిన ఆకు చుడితే పగిలిపోతుంది కాబట్టి నానబెట్టాలి, ఎక్కువ తడిస్తే అదీ పనికిరాదు. ఆ అంచనా మీ అమ్మకు చేతి స్పర్శతోనే ఎలా తెలిసేదో ఒక పోస్టు. చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఏ మాటలు నడిచేవి? ఇరవై ఐదేసి బీడీల కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోతే, అక్కడ బాగాలేవని తీసేసిన వాటి లెక్క ఎవరి నెత్తిన పడేది? పీఎఫ్ కార్డు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ అప్పు పుట్టడంలో తేడా ఉండేదా? పెళ్లి చూపుల్లో పిల్లకు బీడీలు చేయడం వచ్చా అని అడిగిన రోజులు మీ ప్రాంతంలో ఉన్నాయి. ఆ ప్రశ్న విన్న పిల్లల్లో మీ క్లాస్‌మేట్లు కూడా ఉండి ఉంటారు. ఇవన్నీ ఈ రాష్ట్రంలోనే సగం మందికి తెలియవు.

పెద్ద వార్తలను కూడా మీ గల్లీ నుంచి చూసి రాయొచ్చు. 2016లో పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన వచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీలను 28 శాతం పన్నులో పెట్టారు. ఈ రెండూ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చాయి. ఆ నెలల్లో మీ అమ్మకు వారంలో ఎన్ని రోజులు పని దొరికిందో ఏ పత్రికా రాయలేదు. పొగాకు ఆరోగ్యానికి చేసే చెరుపు ఒక పక్క, ఆ పొగాకు ధూళిని ఏళ్ల తరబడి పీలుస్తూ ఆ కూలితోనే పిల్లల్ని చదివించిన తల్లి ఇంకో పక్క. ఈ రెండింటి మధ్య మీకేమనిపిస్తుందో దాచుకోకుండా రాయండి. తీర్పు చెప్పకపోయినా ఫరవాలేదు. కథలో రచయిత్రి పాత్రల వెనక ఉండిపోతుంది, బ్లాగులో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. పాఠకుడు అక్కడికి వచ్చేది మీ కోసమే.

ఒక పోస్టులో ఒకటే సంగతి పెట్టుకోండి. ఆకు గురించి మొదలుపెట్టి కార్ఖానా, పీఎఫ్, పెళ్లి అన్నీ దాంట్లోనే చెప్పేస్తే వచ్చే నెల రాయడానికి ఏమీ మిగలదు, చదివినవాళ్లకూ ఏదీ గుర్తుండదు. ఆరేడు వందల మాటలు చాలు. రాశాక మొదటి పేరా తీసేసి చదివి చూడండి. చాలాసార్లు అసలు విషయం రెండో పేరాలో మొదలవుతుంది, మొదటిది మనం గొంతు సవరించుకోవడమే. పుస్తకం మాట పోస్టు చివర రెండు వాక్యాల్లో సరిపోతుంది: ఈ సంగతి ఏ కథలోకి వచ్చిందో, పుస్తకం ఎలా తెప్పించుకోవాలో. కత్తెర గురించి చదివి కదిలిన మనిషి ఆ రెండు వాక్యాలు తప్పకుండా చదువుతాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కథలో పేరు మార్చి ఊరు మారుస్తాం, బ్లాగులో ఉన్నది ఉన్నట్టు రాస్తాం. పక్కింటావిడ అప్పు గురించో, కార్ఖానాలో జరిగిన గొడవ గురించో రాసేటప్పుడు ఆమెకు చదివి వినిపించి, సరేనంటేనే పెట్టండి. మీ బడి పిల్లల ఫోటోలు, పేర్లు అసలు వద్దు. మీరు ప్రభుత్వ ఉద్యోగి కూడా. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద ఆంక్షలున్నాయి. సాహిత్యానికి దానితో పెద్ద ఇబ్బంది ఉండదు, అయినా ఒకసారి ఆ నియమాలు చదివి పెట్టుకోండి. తెలిసి రాస్తే భయం లేకుండా రాయగలుగుతారు.

ఎవరూ చూడట్లేదన్నారు. దానికి విషయం ఒక కారణమైతే, రెండో కారణం పూర్తిగా సాంకేతికం. మీరు పెట్టిన కథలు బొమ్మల రూపంలో ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీని గూగుల్ మామూలు రాతలా చదవదు కాబట్టి వెతికేవాళ్లకు దొరకదు. ఫోన్లో చదవాలంటే అటూ ఇటూ జరుపుకుంటూ కళ్లు చికిలించాలి. చూపులేనివాళ్లకు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో అందులో ఒక్క అక్షరం వినబడదు. మీ పుస్తకం చాలా తెలుగు పుస్తకాల్లాగే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అచ్చు కోసం వాడే అను ఫాంట్లతో కంపోజ్ అయ్యి ఉంటుంది. డీటీపీ చేసినవారి దగ్గర ఆ ఫైలు అడిగి తీసుకోండి. అచ్చు ఖర్చు పెట్టింది మీరు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అను నుంచి, ఏ ఫోన్లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌కు మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి వాక్యం చదవాలి. వత్తులు తారుమారవుతాయి, పొల్లులు చెదిరిపోతాయి, అంకెలు, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలుగా మారిపోతాయి. కథకు ఒక సాయంత్రం పట్టే పని. విసుగు పుడుతుంది, కానీ ఈ పని చేయకపోతే మీ కథలు నెట్‌లో ఉన్నా లేనట్టే.

కొత్తగా రాసేవి నేరుగా యూనికోడ్‌లోనే రాయండి. ఫోన్‌లో అయితే తెలుగు కీబోర్డు ఎలాగూ ఉంటుంది. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయాలంటే లేఖిని లాంటివి ఏళ్లుగా ఉన్నాయి. పేరాలను రెండు అంచులూ సమానంగా వచ్చేట్టు సర్దకండి. తెలుగు మాటలు పొడుగు, ఫోన్ తెర ఇరుకు. అలా సర్దితే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ వైపు అంచు మాత్రమే సమానంగా ఉంచండి. నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు, కదిలే దీపాలు కూడా తీసేయండి.

తర్వాత శీర్షికలు. 'నా మనోగతం', 'ఒక అనుభూతి', 'జ్ఞాపకాల తెరలు' లాంటివి పెట్టారు. వీటిని గూగుల్‌లో వెతికేవాళ్లు ఉండరు, ఫేస్‌బుక్‌లో చూసినా లోపల ఏముందో తెలియదు. 'బీడీ ఆకును రాత్రంతా ఎందుకు నానబెడతారు?' అని పెట్టండి. 'బీడీ కార్మికురాలి పీఎఫ్ కార్డు: మా అమ్మ అనుభవం' అని పెట్టండి. తెలుగులో ఇలాంటి విషయాల మీద వివరంగా రాసినవి నెట్‌లో చాలా తక్కువ. ఇంగ్లీషులో రాసే బ్లాగర్ వందల మందితో పోటీ పడాలి. మీ విషయంలో ఆ పోటీ లేదు, వెతికేవాళ్లకు కనబడేట్టు పెట్టడమే మిగిలింది.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. మీరు వాడుతున్న గూగుల్ బ్లాగు వేదిక బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో రాస్తే ఆ పోస్టు చిరునామా దానంతట అది 'బ్లాగ్-పోస్ట్' అని, పక్కన ఏదో అంకెతో తయారవుతుంది. మీ పోస్టులన్నీ అలాగే ఉన్నాయి. చిరునామా చూసి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వర్డ్‌ప్రెస్ అనే ఇంకో బ్లాగు వేదికలో అయితే తెలుగు అక్షరాలే చిరునామాలోకి వెళ్తాయి, కానీ దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులు, అంకెలతో నాలుగు వరుసల చెత్త కనబడుతుంది. ఎవరికైనా అది నొక్కాలంటే అనుమానం వస్తుంది. రెండు చోట్లా ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలతో మీరే రాసుకునే వీలుంది. శీర్షిక తెలుగులో, చిరునామా ఇంగ్లీషు లిపిలో. పాత పోస్టుల జోలికి పోకండి, ఇప్పటికే ఎవరికైనా పంపిన లింకులు చెడిపోతాయి.

ఇక బ్లాగు అవసరమా, ఫేస్‌బుక్ చాలదా అన్న ప్రశ్న. మీ వారి మాటలో కొంత నిజముంది. 2005 తర్వాత అయిదారేళ్లు తెలుగు బ్లాగులు వెలిగిన కాలం. కూడలి, జల్లెడ, మాలిక లాంటి చోట్ల కొత్త టపాలన్నీ వరసగా కనబడేవి, పొద్దున్నే అక్కడికి వెళ్లి చదివే అలవాటు చాలామందికి ఉండేది. తర్వాత జనం ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. బ్లాగుల్లో కొత్త టపాలను ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. కాబట్టి బ్లాగు పెట్టగానే పాఠకులు వాళ్లంతట వాళ్లే వచ్చే రోజులు ఇప్పుడు లేవు. మనమే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

అయినా నేను బ్లాగు ఉంచుకోమనే చెబుతాను. ఫేస్‌బుక్‌లో మీరు కత్తెర మీద రాసింది వారం తిరిగేసరికి అడుగున పడిపోతుంది. ఏడాది తర్వాత దాన్ని వెతకాలంటే మీకే కష్టం. బ్లాగులో రాసింది మూడేళ్ల తర్వాత కూడా ఎవరో తునికాకు గురించి వెతుకుతుంటే దొరుకుతుంది. రచయితకు ఈ తేడా చాలా పెద్దది. మీ పుస్తకం కూడా వారం రోజుల వస్తువు కాదు కదా. ఫేస్‌బుక్‌ను దారిగా వాడుకోండి. అక్కడ ఉత్త లింకు పడేస్తే ఎవరూ నొక్కరు, మీరే చూశారు. పోస్టులోంచి ఒక మంచి పేరా మొత్తం అక్కడ పెట్టి, ఫోటో జత చేసి, మిగతాది చదవాలనుకునేవాళ్లకు లింకు కింద ఇవ్వండి. ఆ పేరా చదివి అక్కడే ఆగిపోయినవాళ్లు కూడా మీ పాఠకులే.

మీ పాఠకులు ఎక్కడున్నారో కూడా ఆలోచించండి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, కామారెడ్డి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో ఎంతోమంది తల్లులు బీడీలు చేసినవాళ్లే. భివండీ, సూరత్ మగ్గాల మీదికి వలస పోయిన ఇళ్లదీ అదే కథ. దుబాయ్‌లో డ్యూటీ దిగి గదికి వచ్చిన మనిషి చేతిలో ఫోనుంటుంది, వాట్సాప్ ఉంటుంది. మీ పోస్టు వాళ్లకు చేరాలి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకుంటే 256 మందికే పంపగలరు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. 2023లో వచ్చిన ఛానెల్ సదుపాయం దీనికంటే మేలు. ఎంతమందైనా చేరవచ్చు, చేరినవాళ్లకు మీ నంబరు కనబడదు. ఆడవాళ్లకు ఈ రెండోది ముఖ్యం. సరైన కారణం లేకుండా సొంత నంబరు బ్లాగు మీద పెట్టొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంటి అడ్రస్ కూడా. పుస్తకాల కోసం వేరే సిమ్ తీసుకోండి, లేదా వివరాలు నింపే ఫారం ఒకటి పెట్టండి.

ఈమెయిల్ చందా కూడా ఉంటే మంచిది. బ్లాగర్‌లో ఒకప్పుడు ఆ సౌకర్యం ఉండేది, 2021లో గూగుల్ ఆపేసింది. వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ఖాతాలో ఉంది. మీవి ఇంకా కొద్ది పోస్టులే కాబట్టి, మారాలనుకుంటే ఇప్పుడే మారడం తేలిక. మారినా మారకపోయినా నెలకోసారి బ్లాగు మొత్తం కాపీ దించి దాచుకోండి. రెండు చోట్లా దానికి ఎక్స్‌పోర్ట్ మీట ఉంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయి, సొంత వెబ్ చిరునామాకు (డొమైన్‌కు) డబ్బు కట్టక పోగొట్టుకున్న మంచి తెలుగు బ్లాగులు ఎన్నో ఉన్నాయి. వాటిలోని రాతలు ఇప్పుడు ఎక్కడా దొరకవు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రోజూ రాయాలా? వద్దు. బడి, ఇల్లు, కథలు ఉన్న మనిషి రోజూ రాస్తే రెండు వారాలకు ఒట్టిపోతుంది, కథలు కూడా ఆగిపోతాయి. నెలకు రెండు రాయండి, ఫలానా ఆదివారం అని ఒక రోజు పెట్టుకోండి. మొదలుపెట్టే ముందే నాలుగు పోస్టులు రాసి పక్కన ఉంచుకుంటే పరీక్షల సీజన్‌లోనూ ఆగదు. ఎంతమంది చూశారన్న లెక్క రోజూ తీయకండి. ఉత్తరం రాసినవాళ్లకు, సందేశం పెట్టినవాళ్లకు మాత్రం ప్రతి ఒక్కరికీ జవాబివ్వండి. మొదటి యాభై మంది నిజమైన పాఠకులు అలాగే దొరుకుతారు.

మీ దిక్కు భాష గురించి సందేహమే వద్దు. అమ్మ మాట్లాడింది అమ్మ మాట్లాడినట్టే రాయండి. పనికి సంబంధించిన మాటల్ని మార్చకండి. చాట, రేకు, జర్ద, టేకేదారు అన్నవి వాక్యంలో సరిగ్గా కూర్చుంటే గుంటూరు పాఠకుడికైనా అర్థమవుతాయి, పక్కన అర్థాలు ఇవ్వాల్సిన పని లేదు. కథనం మీకు ఎలా తేలిగ్గా వస్తే అలా ఉండనివ్వండి. టీచర్‌గా అలవాటైన పాఠ్యపుస్తకం తెలుగు కొన్ని పోస్టుల్లో తొంగిచూస్తోంది, 'జీవన పోరాటంలో అలుపెరగని శ్రామిక మాతృమూర్తి' లాంటి చోట్ల. అది మీ అమ్మలా లేదు. వెతికేవాళ్ల కోసం ఒక్క పని చేయండి. ఒకే వస్తువును ఒక్కో జిల్లాలో ఒక్కోలా అంటారు కాబట్టి తునికాకు, బీడీ ఆకు రెండు మాటలూ పోస్టులో ఎక్కడో ఒకచోట వచ్చేట్టు చూడండి.

కథలు ఫ్రీగా పెట్టాలా అన్నదానికి జవాబు ఏ కథలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పుస్తకంలోంచి మీకు అన్నిటికంటే నచ్చిన కథలు రెండు, పూర్తిగా పెట్టండి. సగం పెట్టి మిగతాది పుస్తకంలో చదవండి అనడం పాఠకుడిని చిన్నబుచ్చడమే. అంత కన్నా బలహీనమైన కథను ఫ్రీగా ఇచ్చి మంచివి దాచుకోవడం ఇంకా నష్టం, వాళ్లు మిమ్మల్ని ఆ కథతోనే కొలుస్తారు. కానీ కొత్త కథలు మాత్రం బ్లాగులో పెట్టే ముందు ఆగండి. మన పత్రికలు, కథల పోటీలు చాలావరకు 'ఈ రచన ఎక్కడా ప్రచురితం కాలేదు, బ్లాగుల్లో, సోషల్ మీడియాలో రాలేదు' అని హామీ పత్రం అడుగుతాయి. మీ బ్లాగులో పెట్టినా అది ప్రచురణ కిందే లెక్క. ముందు పత్రికలో రానివ్వండి, తర్వాత బ్లాగులో పెట్టుకోవచ్చు.

నవల రాసే ఆలోచన ఉంటే లెక్క వేరు. సొంత పత్రికలో సొంత నవలను వరుసగా వేసుకోవడం తెలుగులో మొదటి నుంచీ ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు, తర్వాత తన నవలను అందులోనే విడతలుగా వేశారు. మన కాలంలో ఆండీ వియర్ అనే అమెరికన్ రచయిత తన 'ది మార్షియన్' నవలను అధ్యాయం తర్వాత అధ్యాయం సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు. లెక్కల్లో, సైన్సులో పొరపాట్లుంటే పాఠకులే చెప్పేవారు, అతను దిద్దుకునేవాడు. అమెజాన్ ఈ-బుక్ రీడర్ కిండిల్‌లో చదువుకునేలా పెట్టమని వాళ్లే అడిగితే 99 సెంట్లకు పెట్టాడు. ఉచితంగా దొరుకుతున్నా జనం కొన్నారు. తర్వాత పెద్ద ప్రచురణ సంస్థ వచ్చింది, సినిమా వచ్చింది. అందరికీ అలా జరగదు. నేను ఆ ఉదాహరణ చెప్పింది డబ్బు కోసం కాదు. రాస్తుండగానే పాఠకులు పక్కన ఉండటం ఆ నవలకు మేలు చేసింది, ఆ మేలు మీకూ దొరుకుతుంది.

ఇతరుల పుస్తకాల గురించి కూడా రాయండి. ఇది మీరు అడగలేదు, కానీ సొంతంగా వేసుకునే రచయితల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మీలాగే అయిదు వందల కాపీలు వేసుకుని ఇంట్లో పెట్టుకున్న రచయితలు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఒక పుస్తకం కొని, చదివి, ఏ కథ ఎందుకు నచ్చిందో, ఏది కుదరలేదో నిజాయితీగా రాయండి. పుస్తకం.నెట్ 2009 నుంచి ఇలాంటి పరిచయాలే వేస్తోంది, అక్కడికీ పంపొచ్చు. మీ ప్రాంతంలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాట వస్తే సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకుని కూర్చోలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. ఆయన 1926 నుంచి నడిపిన గోలకొండ పత్రికలోనూ ఇతరుల రచనలకు చోటిచ్చారు.

యాడ్స్ వద్దు. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు బ్లాగులకూ ప్రకటనలు ఇస్తుంది, కానీ ఖాతాలో వంద డాలర్లు చేరేదాకా డబ్బు చేతికి రాదు. నెలకు కొన్ని వందల మంది చదివే బ్లాగుకు అది ఏళ్ల మాట. ఈలోపు మీ అమ్మ గురించిన రెండు పేరాల మధ్య ఏ లోన్ యాప్ ప్రకటనో వచ్చి కూర్చుంటుంది.

మీ కథను ఎవరైనా పేరు తీసేసి వాట్సాప్‌లో తిప్పితే, యూట్యూబ్‌లో అడగకుండా చదివితే ఏం చేయాలన్నది ముందే తెలుసుకుని ఉండండి. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. రిజిస్టర్ చేయించుకోవాలన్న నియమం లేదు. 1957 చట్టం ప్రకారం మీ జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ప్రతి కథ చివర మీ పేరు, బ్లాగు పేరు రాసి పెట్టండి. యూట్యూబ్‌కు ఫిర్యాదు ఫారం ఉంది. దానికంటే ముందు ఆ ఛానెల్ వాళ్లకు ఒక మర్యాదైన సందేశం పంపండి, చాలామంది పేరు వేసి లింకు పెడతారు. అది మీకు లాభమే.

పుస్తకాల అమ్మకం మాట. బ్లాగులో పుస్తకం కోసం ఒక విడి పేజీ పెట్టి, ధర, పోస్టేజీ, యూపీఐతో ఎలా కట్టాలో, ఎన్ని రోజుల్లో అందుతుందో సూటిగా రాయండి. ఇప్పుడు మీ పేజీలో 'ప్రతులకు సంప్రదించండి' అని మాత్రమే ఉంది. ధర తెలియని పుస్తకం కోసం కొత్తవాళ్లు మెసేజ్ పెట్టరు. పోస్టేజీ భారమవుతుందని చాలామంది వెనకాడతారు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. రోడ్డు, రైలు దారిన వెళ్తుంది కాబట్టి నాలుగు రోజులు ఆలస్యమైనా చేరుతుంది. మీ పుస్తకం కవరుతో సహా 300 గ్రాములలోపు ఉందేమో పోస్టాఫీసులో తూయించి, ఆ మొత్తాన్ని ఆ పేజీలో రాసేయండి.